ఓటుకు ముందు మాట

ఎన్నికల గురించి రాసేవారు సాధారణంగా అభ్యర్థుల ప్రసంగాలను, పార్టీల హామీలను, ప్రచారానికి అయ్యే ఖర్చును, చివరికి ఫలితాల పట్టికను పరిశీలిస్తారు. మామూలు మనుషులు ఒకరితో ఒకరు చెప్పుకునే మాటలకు ఆ రాతల్లో దొరికే చోటు చాలా తక్కువ. వంటింట్లో వడ్డిస్తూనో, పనిచేసే చోట టీ తాగుతూనో, బస్సులో పక్క సీటు మనిషితోనో ‘ఈసారి ఎవరొస్తారంటారు?’ అని మొదలుపెట్టి సాగించే చర్చను పొద్దుపోని కబుర్ల కింద జమకట్టడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే. కానీ ఓటరు మనసు ఎప్పుడు, ఎవరి మాట వల్ల, ఏ కారణంతో ఒక వైపు కుదురుకుంటుందో తెలుసుకోవాలని 80 ఏళ్లకు పైగా శ్రమించిన పరిశోధకులు తిరిగి తిరిగి చేరుకున్న చోటు ఆ కబుర్లే. ఉపన్యాసం, పత్రిక, టెలివిజన్ ఓటరుకు ముడిసరుకు అందిస్తాయి. ఆ సరుకు ఓటుగా మారే పని చాలావరకు నలుగురి మధ్య మాటల్లో జరుగుతుంది. ఆ మాటలను పక్కన పెట్టిన ఎన్నికల విశ్లేషణ ఎంత విస్తారంగా ఉన్నా అసంపూర్ణమే.

ఈ సంగతిని పరిశీలించడానికి అమెరికా అధ్యక్ష ఎన్నిక అనువైనది. భారతదేశంలో రాష్ట్రపతిని ఎన్నుకునే హక్కు పార్లమెంటుకూ శాసనసభలకూ ఎన్నికైన సభ్యులకే ఉంది కాబట్టి, 1969లో తెలుగువారే అయిన వి.వి.గిరి, నీలం సంజీవరెడ్డి ఆ పదవికి తలపడి దేశాన్ని ఉత్కంఠలో ముంచినప్పుడు కూడా సామాన్యుడు ప్రేక్షకుడిగానే ఉండిపోయాడు. అమెరికాలో నాలుగేళ్లకోసారి, నవంబరు నెల మొదటి సోమవారం తర్వాత వచ్చే మంగళవారాన్ని గడువుగా పెట్టుకుని, దేశం మొత్తం ఇద్దరు ముగ్గురు మనుషుల పేర్ల చుట్టూ ఏడాదికి పైగా మాట్లాడుకుంటుంది. ఆ తేదీ ముందే తెలిసి ఉండటం వల్ల, చర్చ ఎప్పుడు మొదలై ఎలా ముదిరి ఎక్కడ తేలిందో గమనించడం పరిశోధకులకు వీలయింది. 

అటువంటి పరిశీలనల్లో తొలినాటిది, నేటికీ అధ్యయనకారులు ముందుగా తెరిచి చూసేది 1940లో జరిగింది. వియన్నాలో పుట్టి అమెరికాకు వలస వచ్చిన సామాజిక శాస్త్రవేత్త పాల్ లాజర్స్‌ఫెల్డ్, తన సహచరులు బెర్నార్డ్ బెరెల్సన్, హేజెల్ గాడెట్‌లతో కలిసి ఒహాయో రాష్ట్రంలో ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న ఈరీ కౌంటీని ఎంచుకున్నారు. కౌంటీ అంటే మన జిల్లా వంటి పాలనా విభాగం. అంతవరకు ఎన్నికల సర్వేలు ఒక్కోసారి ఒక్కో గుంపును ప్రశ్నించి, ఎవరికి ఎంత శాతం మద్దతు ఉందో చెప్పేవి. ఆ పద్ధతిలో ఒక పెద్ద లోపం ఉంది. చెరువులో నీటిమట్టం నిన్నా ఇవాళా ఒకే గీత దగ్గర ఉన్నంత మాత్రాన నీళ్లు కదలలేదని చెప్పలేం. ఎగువ నుంచి ఎంత వచ్చిందో అంతా తూముల గుండా పోయి ఉండవచ్చు. అందుకని ఈ బృందం 600 మందిని ఎంపిక చేసి, మే నుంచి నవంబరు వరకు నెలనెలా ఆ మనుషులనే మళ్లీ మళ్లీ కలిసి మాట్లాడింది. ఒకే సమూహాన్ని కాలక్రమంలో పదేపదే ప్రశ్నించే ఈ విధానాన్ని ప్యానెల్ పద్ధతి అంటారు. మనసు మార్చుకున్న మనిషి ఎవరో, ఏ నెలలో మార్చుకున్నారో, ఎందుకు మార్చుకున్నారో దీనివల్ల నేరుగా తెలుస్తుంది.

ఆ ఏడాది మాట్లాడుకోవడానికి విషయాలకు కొదవ లేదు. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ అంతకు ముందు ఏ అధ్యక్షుడూ గెలవని మూడో దఫాకు పోటీ చేస్తున్నారు. యూరప్‌లో యుద్ధం రగులుతోంది, జూన్ నెలలో ఫ్రాన్స్ జర్మనీకి లొంగిపోయింది. రిపబ్లికన్ పార్టీ తరఫున నిలబడిన వెండెల్ విల్కీ వ్యాపార రంగం నుంచి వచ్చినవారు, ఏ ప్రభుత్వ పదవికీ అంతకు ముందు ఎన్నికైనవారు కారు, పైగా కొద్దికాలం కిందటి వరకు డెమొక్రాట్. రేడియో కొత్తగా ఇంటింటికీ చేరిన కాలం కాబట్టి, ప్రచారం జనం మనసులను ఇట్టే తిప్పేస్తుందన్న అంచనా బలంగా ఉండేది. ఫలితాలు ఆ అంచనాను తలకిందులు చేశాయి. దాదాపు సగం మంది మే నెలలోనే, అంటే అభ్యర్థులు ఖరారు కాకముందే, ఎటు ఓటు వేయాలో తేల్చుకుని ఉన్నారు. ప్రచార కాలమంతా గడిచాక లెక్క చూస్తే, 53 శాతం మందిలో మునుపటి అభిప్రాయమే గట్టిపడింది. 14 శాతం మందిలో లోపల నిద్రాణంగా ఉన్న మొగ్గు మేలుకుంది. ఒక పార్టీ నుంచి మరో పార్టీకి పూర్తిగా మారినవారు 8 శాతం మాత్రమే.

ఆ కొద్దిమందిని మార్చింది ఎవరన్న ప్రశ్న దగ్గరే ఈ అధ్యయనం అసలు విలువ బయటపడింది. ఈ మధ్య ఎన్నికల గురించి ఎక్కడ ఏం విన్నారని అడిగినప్పుడల్లా, రేడియో ప్రసంగాల కన్నా పత్రికల కన్నా ఎక్కువ మంది చెప్పింది మనుషులతో జరిగిన మాటల గురించే. ఆ అధ్యయనం మీద వెలువడిన పుస్తకంలో కనిపించే ఒక హోటల్ పరిచారిక ఉదంతం ఇందుకు చక్కని దృష్టాంతం. విల్కీకి వ్యతిరేకంగా ఆమె పత్రికల్లో కొంత చదివిన మాట నిజమే. అయినా మనసు మారడానికి అసలు కారణం బల్లల దగ్గర కూర్చున్నవారు ఆయన పనికిరాడని అనుకోవడం తన చెవిన పడటమేనని ఆమె చెప్పింది. వాళ్లు ఆమెతో మాట్లాడినవారు కూడా కారు. ప్రచారాన్ని ఇష్టం లేనివారు వినకుండా ఉండగలరు, రేడియో కట్టేయగలరు, పత్రిక మడిచి పెట్టగలరు. పక్కవారి మాట మాత్రం కాపలా లేని వేళ చూసి లోపలికి వస్తుంది. చెప్పే మనిషి తెలిసినవాడైతే దానికి నమ్మకం తోడవుతుంది, ఎదుటివాడి ముఖం చూస్తూ వాదనను సర్దుకునే వెసులుబాటు తోడవుతుంది. అచ్చులో పడిన మాటకు ఆ వెసులుబాటు ఎప్పటికీ రాదు.

పరిశోధకులు అక్కడివారిని రెండు ప్రశ్నలు అడిగారు: ఈ మధ్య ఎవరినైనా మీ రాజకీయ అభిప్రాయం వైపు తిప్పుకోవాలని ప్రయత్నించారా, ఈ మధ్య ఎవరైనా రాజకీయ విషయంలో మీ సలహా అడిగారా? వీటిలో దేనికైనా అవునన్నవారిని అభిప్రాయ నేతలు అన్నారు. ఈ మాట వినగానే ఊరి పెద్దమనిషో, ధనవంతుడో, ప్లీడరో తలపుకు రావడం సహజమే అయినా వాస్తవం వేరుగా తేలింది. రైతుల్లో రైతు, కూలీల్లో కూలీ, గుమాస్తాల్లో గుమాస్తా, ఇలా ప్రతి వర్గంలోనూ ఆ వర్గం మనిషే ఆ పాత్ర పోషిస్తున్నారు. పత్రికల్లో, రేడియోలో వచ్చిన విషయం ముందు వీరి దగ్గరకు చేరి, వీరి నోటి మీదుగా మిగతావారికి అందుతోందన్న ఈ వివరణకు రెండంచెల ప్రసారం అన్న పేరు స్థిరపడింది. అరుగు మీద ఒకరు పేపరు పైకి చదువుతుంటే పదిమంది చుట్టూ చేరి విన్న ఊళ్ల తరానికి ఈ సిద్ధాంతాన్ని ప్రత్యేకంగా బోధించనవసరం లేదు.

అదే అధ్యయనంలో ఇంటి లోపలి మాట గురించి కూడా ఒక లెక్క ఉంది. భార్యాభర్తలిద్దరూ ఓటు వేయదలచుకున్న ఇళ్లలో, ఇద్దరిదీ చెరోదారి అయిన జంట 22కు ఒకటి మాత్రమే. భర్తతో ఎన్నికల గురించి మాట్లాడామని 45 మంది స్త్రీలు చెబితే, అంతే సంఖ్యలో తీసుకున్న పురుషుల్లో భార్యతో మాట్లాడామని చెప్పినవారు నలుగురే. జరిగిన సంభాషణ ఒకటే కావచ్చు. ఒకరికి అది చర్చగా గుర్తుండగా, మరొకరికి తను చెప్పడమూ ఆమె వినడమూ మాత్రమే గుర్తుండి ఉంటుంది. భార్య మాటను సంభాషణగా లెక్కపెట్టని ఆ అలవాటు ఒహాయోకు మాత్రమే పరిమితమని ఎవరూ అనలేరు. ఆ రెండు అంకెలు పుస్తకంలో ఒక మూలన ఉన్నా, కుటుంబంలో రాజకీయ చర్చ ఎలా సాగుతుందో చెప్పడంలో వాటికి సాటి వచ్చేవి తక్కువ.

నిర్ణయం ఆలస్యం చేసేవారిని గురించి కూడా లాజర్స్‌ఫెల్డ్ బృందం విలువైన విషయం గుర్తించింది. ఆనాడు సంపన్నులు, ప్రొటెస్టెంట్లు, పల్లెవాసులు రిపబ్లికన్ల వైపూ, పేదలు, కేథలిక్కులు, పట్టణవాసులు డెమొక్రాట్ల వైపూ మొగ్గేవారు. సంపన్నుడైన కేథలిక్కు సంగతేమిటి? అతని ఆదాయం ఒకవైపు లాగుతుంది, చర్చిలో కలిసేవారి మాట మరోవైపు లాగుతుంది. పుట్టింటికీ మెట్టింటికీ మధ్య నిలబడిన ఆడపడుచులా ఎవరినీ నొప్పించలేక అతను నిర్ణయాన్ని వాయిదా వేస్తాడు, కొన్నిసార్లు ఎన్నికల మీద ఆసక్తే వదులుకుంటాడు. దీనిని పరస్పర విరుద్ధ ఒత్తిళ్లు అంటారు. చివరిదాకా తేల్చుకోనివాడు రెండు పక్షాలనూ తూచి చూస్తున్న వివేకవంతుడని పత్రికలు ఊహించుకున్న బొమ్మకు ఈ మనిషి పోలిక చాలా దూరం. 1948లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరా పట్టణంలో జరిగిన తరువాతి అధ్యయనంలో ఇటువంటి ఊగిసలాటే మరో రూపంలో కనిపించింది: అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్ మీద చిరాకుతో పార్టీకి దూరం జరిగిన డెమొక్రాట్లు చివరి వారాల్లో సొంతవాళ్ల మధ్య మాటల వేడికి తిరిగి దారికి వచ్చారు. సర్వే సంస్థలు ముందే పని ముగించుకోవడంతో ఆ కదలిక వాటి లెక్కకు అందలేదు. రిపబ్లికన్ అభ్యర్థి థామస్ డ్యూయీ గెలిచారని షికాగో పత్రిక ఒకటి పతాక శీర్షిక అచ్చువేయగా, గెలిచిన ట్రూమన్ దాన్ని చేతులతో పైకెత్తి నవ్వుతున్న ఫొటో చరిత్రలో నిలిచిపోయింది.

మాటల్లో అభ్యర్థిని తూచే రాళ్లు ఏవి? విధానపత్రాలు చదివి తూచేవారు ఏ దేశంలోనైనా కొద్దిమందే. రాజకీయ శాస్త్రవేత్త శామ్యూల్ పాప్కిన్ 1991లో వెలువరించిన పుస్తకంలో ఒక చిన్న ఘటనతో ఈ విషయాన్ని వివరించారు. 1976లో అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ టెక్సస్ రాష్ట్రంలోని శాన్ ఆంటోనియోకు వెళ్లినప్పుడు ఆయనకు టమాలే అనే మెక్సికన్ వంటకం ఇచ్చారు. మొక్కజొన్న పిండిలో కూరిన మాంసాన్ని మొక్కజొన్న పొత్తు రేకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికిస్తారు, తినేముందు ఆ రేకు విప్పి పారేయాలి. ఫోర్డ్ రేకుతో సహా కొరికారు. కోనసీమకు వచ్చిన నాయకుడు పొట్టిక్కను పనసాకు బుట్టతో కలిపి నమిలితే చూసినవారికి ఏం తోస్తుందో, అక్కడి మెక్సికన్ మూలాల ఓటర్లకు అదే తోచింది: ఈయన ఎన్నడూ తమ ఇళ్లలో తిన్న మనిషి కాడు. పాప్కిన్ దీన్ని ఓటరు అజ్ఞానంగా చూడలేదు. తీరికా సమాచారమూ తక్కువగా ఉన్న మనిషి, చేతికి అందిన చిన్న గుర్తును బట్టి అభ్యర్థికి తమ బతుకు తెలుసా లేదా అని ఊహించడం ఒక రకమైన హేతుబద్ధతేనని ఆయన వాదించారు. ఫోర్డ్ ఆ నవంబరులో టెక్సస్‌ను జిమ్మీ కార్టర్‌కు కోల్పోయారు. ఒక్క టమాలే వల్ల అని ఎవరూ చెప్పరు గానీ, ఆ ఊళ్లో ఆ కబురు ఎన్ని నోళ్లలో నానిందో ఊహించడం కష్టం కాదు.

ఇటువంటి గుర్తులన్నీ అంత నమ్మదగినవి కావు. 2005లో మనస్తత్వ శాస్త్రవేత్త అలెగ్జాండర్ టొడొరోవ్ బృందం ప్రచురించిన ప్రయోగంలో, తమకు తెలియని ఇద్దరు సెనేట్ అభ్యర్థుల ఫొటోలను ఒక్క సెకను చూసి సమర్థుడెవరో చెప్పమంటే, జనం ఎంచిన ముఖమే సుమారు 70 శాతం సందర్భాల్లో నిజమైన ఎన్నికలోనూ గెలిచినట్లు తేలింది. ముఖం చూసి బొట్టు పెట్టడమన్న సామెత ఇంత అక్షరాలా రుజువు కావడం కలవరపెట్టే విషయమే. మరోవైపు, 1960లో అధ్యక్ష అభ్యర్థులు కెనడీ, నిక్సన్‌ల వాదాన్ని టీవీలో చూసినవారు కెనడీ గెలిచారనీ రేడియోలో విన్నవారు నిక్సన్ గెలిచారనీ ప్రపంచమంతా చెప్పుకునే కథకు ఆధారం చాలా బలహీనం; రేడియో శ్రోతలు తక్కువ సంఖ్యలో ఉన్న ఒక సర్వే మీద ఆ కథ నిలబడి ఉంది.

గుర్తుల కన్నా గట్టి తూకపు రాయి ఇంటి ఖర్చు. గడిచిన పాలనలో తమ స్థితి ఎలా ఉందో చూసుకుని ఓటు వేయడాన్ని గతానుభవపు ఓటు అంటారు. 1980 అక్టోబరు 28న క్లీవ్‌లాండ్‌లో జరిగిన వాదంలో అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న రొనాల్డ్ రేగన్, నాలుగేళ్ల కిందటి కన్నా ఇప్పుడు మీ పరిస్థితి మెరుగ్గా ఉందా అని ప్రజలనే అడిగి, వారి వంటింటి చర్చకు సూటిగా ఒక ప్రశ్న అందించారు. 2022 జూన్‌లో అమెరికాలో ద్రవ్యోల్బణం 9.1 శాతానికి చేరి, 2024 నాటికి దాదాపు 3 శాతానికి దిగింది. అది దిగిందంటే ధరలు పెరిగే వేగం తగ్గిందని మాత్రమే అర్థం; పెరిగిన ధరలు పెరిగినచోటే ఉండిపోయాయి. ఆర్థిక సూచీలు బాగున్నాయని పండితులూ, సరుకుల బిల్లు చూడమని ఓటర్లూ ఆ ఏడాది ఒకరి మాట ఒకరికి అర్థం కాకుండా వాదించుకోవడానికి మూలం అక్కడుంది, ఈ విషయంలో ఓటర్లది పొరపాటని అనడానికి వీల్లేదు.

అయితే ఈ తూకాలన్నిటికీ ముందే తక్కెడ ఒకవైపు కొంత వంగి ఉంటుంది. మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నలుగురు 1960లో ప్రచురించిన అధ్యయనం, పార్టీ అనుబంధం చాలామందికి మతంలాగే తల్లిదండ్రుల నుంచి సంక్రమించి చివరిదాకా నిలుస్తుందని చూపింది. ఆ సంప్రదాయంలోనే 1960ల నుంచి ఓటర్లకు ఒక ఊహాత్మక థర్మామీటరు చూపి, ఒక్కో నాయకుడి పట్ల, పార్టీ పట్ల ఎంత వెచ్చదనం ఉందో సున్నా నుంచి 100 వరకు చెప్పమని అడుగుతున్నారు. సొంత పార్టీ మీద వెచ్చదనం దశాబ్దాలుగా పెద్దగా మారకపోయినా, ఎదుటి పార్టీ మీద చలి మాత్రం బాగా ముదిరింది. తమవాడి మీద ప్రేమ కన్నా ఎదుటివాడి మీద కోపంతో ఓటు వేసే ఈ ధోరణికి ప్రతికూల పక్షపాతం అని పేరు. 2016లో డొనాల్డ్ ట్రంప్, హిల్లరీ క్లింటన్ ఇద్దరి మీదా సర్వేల్లో అయిష్టత రికార్డు స్థాయికి చేరింది కాబట్టి, ఆ ఏడాది ఇంటింటా జరిగిన వాదం ఎవరు మేలు అన్నదాని కన్నా ఎవరు తక్కువ కీడు అన్నదాని మీదే నడిచింది.

తక్కువ కీడు అన్న మాట వెనక ఒక లెక్క కూడా ఉంది. అమెరికాలో అధ్యక్షుణ్ని సాంకేతికంగా ఎన్నుకునేది ఎలక్టోరల్ కాలేజీ. రాష్ట్రాలకు చాలావరకు జనాభాను బట్టి కేటాయించిన 538 మంది ప్రతినిధుల్లో 270 మంది మద్దతు వచ్చినవారు గెలుస్తారు. 48 రాష్ట్రాల్లో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా ఆ రాష్ట్ర ప్రతినిధులందరూ గెలిచినవారికే దక్కుతారు. 2000లో ఫ్లోరిడాలో జార్జ్ బుష్ ఆల్ గోర్ మీద 537 ఓట్ల తేడాతో గెలిచి అధ్యక్షుడు కాగా, అదే రాష్ట్రంలో మూడో పక్షం అభ్యర్థి రాల్ఫ్ నాడర్‌కు 97 వేలకు పైగా ఓట్లు పడ్డాయి. నచ్చినవాడికి వేసి ఓటు వృథా చేసుకోవాలా, నచ్చనివాణ్ని ఆపడానికి కొంత ఓర్చుకోగలిగినవాడికి వేయాలా అన్న మథనం అప్పటి నుంచి ప్రతి ఎన్నికలోనూ స్నేహితుల మధ్య చిచ్చుపెడుతూనే ఉంది. కాలిఫోర్నియాలో ఉన్న ఓటరు ఈ చర్చను తీరిగ్గా చేయగలడు, ఎందుకంటే అక్కడ ఫలితం ముందే తెలుసు. ఎటైనా మొగ్గగల కొద్దిపాటి రాష్ట్రాల్లో, అంటే స్వింగ్ రాష్ట్రాల్లో, ఆ తీరిక లేదు.

అటువంటి రాష్ట్రం విస్కాన్సిన్. 2016లో ట్రంప్ అక్కడ 23 వేల లోపు మెజారిటీతో గెలిచారు, 2020లో జో బైడెన్ 20,682 ఓట్లతో గెలిచారు, 2024లో మళ్లీ ట్రంప్ 30 వేల లోపు తేడాతోనే నెగ్గారు. ఈ ఊగిసలాట మొదలవడానికి చాలా ముందే, 2007 నుంచి, అక్కడి విశ్వవిద్యాలయంలో రాజకీయ శాస్త్రం బోధించే క్యాథరిన్ క్రేమర్ ఒక అరుదైన పని చేశారు. ప్రశ్నావళి పట్టుకుని మనుషులను ఒంటరిగా కూర్చోబెట్టకుండా, వాళ్లు రోజూ ఎక్కడ చేరతారో కనుక్కుని, పల్లెల్లో పెట్రోలు బంకుల దగ్గరకూ చిన్న హోటళ్లకూ తెల్లవారకముందే కారు నడుపుకుంటూ వెళ్లి, అనుమతి అడిగి, వారి మధ్యే కుర్చీ వేసుకుని ఏళ్ల తరబడి విన్నారు. రాష్ట్రంలో రెండు డజన్లకు పైగా ఊళ్లలో ఆమె విన్నవాటిలో అభ్యర్థుల పేర్ల కన్నా ఎక్కువగా వినిపించింది ఒక బాధ: పన్నులు తాము కడితే ఖర్చు రాజధాని మాడిసన్‌లోనూ మిల్వాకీ నగరంలోనూ అవుతోందనీ, నిర్ణయాలు చేసేవారికి పల్లె బతుకు తెలియదనీ, కష్టపడేవారిగా తమకు దక్కాల్సిన గౌరవం దక్కడం లేదనీ. పన్నుల గురించిన వాదనలో లెక్కలు ఎంతవరకు నిజమన్నది వేరే సంగతి. ఆ బాధ నిజం, అది రోజూ పొద్దున్నే కాఫీ కప్పుల మధ్య పంచుకోవడం వల్ల ఒక ఉమ్మడి చూపుగా గడ్డకట్టింది. 2016 నవంబరు ఫలితం చూసి విశ్లేషకులు విస్తుపోయినప్పుడు, ఆ ఏడాదే వెలువడిన ఆమె పుస్తకం కోసం అందరూ వెతుక్కున్నారు. ఊళ్లోకి వెళ్లి వినడం అంత తేలిక పనీ, అంత ఎవరూ చేయని పనీ మరొకటి లేదు.

కబుర్లను ఏకంగా ఓటింగు పద్ధతిగా మార్చిన చోటు కూడా ఒకటి ఉండేది. పార్టీ అభ్యర్థిని ఎంచుకునే దశలో అయోవా రాష్ట్ర డెమొక్రాట్లు 1972 నుంచి 2020 వరకు దేశంలో అందరికన్నా ముందుగా కాకస్ జరిపేవారు. కాకస్ అంటే ఇరుగుపొరుగువారు చలికాలపు రాత్రి బడి వ్యాయామశాలలోనో, చర్చిలోనో, గ్రంథాలయంలోనో సమావేశమై, ఒక్కో అభ్యర్థి మద్దతుదారులు ఒక్కో మూలన నిలబడి బహిరంగంగా లెక్క ఇచ్చే పద్ధతి. ఎక్కువ చోట్ల 15 శాతం మంది కూడా లేని గుంపు నిలబడేది కాదు. ఆ గుంపువారి దగ్గరకు మిగతా మూలల నుంచి పొరుగువారు వచ్చి, తమ వైపు రమ్మని బతిమాలేవారు, వాదించేవారు, ఆ తర్వాత రెండోసారి లెక్క జరిగేది. బడి పిల్లల తల్లిదండ్రుల సమావేశంలో కలిసే మనిషి ఎదురుగా నిలబడి తన అభ్యర్థి గురించి చెబుతుంటే వినక తప్పని ఆ అరగంటలో ప్రజాస్వామ్యం కంటికి కనిపించేది. దాని లోపాలూ తక్కువవి కావు: రాత్రి డ్యూటీ ఉన్నవారు, చంటిబిడ్డల తల్లులు రాలేకపోయేవారు, రహస్య ఓటు లేదు కాబట్టి యజమాని చూస్తుండగా ఉద్యోగి ఎటు నిలబడాలన్న సంకోచం ఉండేది. 2020లో ఫలితాల ప్రకటన రోజుల తరబడి తేలకపోవడంతో ఆ పార్టీ మొదటి స్థానాన్ని అయోవా నుంచి తప్పించింది.

ఇప్పుడు అంతకన్నా పెద్ద బెంగ, ఇటువంటి మాటలే తగ్గిపోవడం. ఎదుటి పార్టీ ఇంటితో వియ్యం అందితే బాధపడతారా అని 1960లో అడిగినప్పుడు అవునన్న అమెరికన్లు సుమారు 5 శాతం. 2010లో అదే అడిగితే రిపబ్లికన్లలో దాదాపు సగం మంది, డెమొక్రాట్లలో మూడో వంతు అవునన్నారు. ఇటువంటి వాతావరణంలో పండగ భోజనాల దగ్గర రాజకీయాలు ఎత్తకూడదన్న ఒప్పందాలు పుట్టడంలో వింత లేదు. పరిశోధకురాలు డయానా మట్జ్ 2006లో చూపించినదాని ప్రకారం, భిన్నాభిప్రాయం ఉన్నవారితో తరచు మాట్లాడేవారు ఎదుటి పక్షం వాదనను బాగా చెప్పగలరు, ఎక్కువ ఓర్పు చూపగలరు. కానీ వారే ప్రచారంలో, ఓటింగులో తక్కువగా పాల్గొంటారు. ఒకే అభిప్రాయం ఉన్నవారి మధ్య తిరిగేవారికి ఉత్సాహం ఎక్కువ, ఓర్పు తక్కువ. వినే గుణమూ కదిలే గుణమూ ఒకే మనిషిలో కుదరడం ఇంత కష్టమైతే, రెండిటి కోసమూ ప్రయత్నించే సమాజం చాలా శ్రద్ధ పెట్టాలి. వేరే పార్టీ మనిషి ఎక్కువగా తారసపడేది ఇంట్లోనో, వాడలోనో కాదు, పనిచేసే చోట అని కూడా ఆమె అధ్యయనాలు చెబుతున్నాయి. పని స్థలాన్ని ఇల్లు మింగేస్తున్న ఈ కాలంలో ఆ ఒక్క చోటు కుంచించుకుపోవడం నిజంగా విచారించాల్సిన నష్టం.

అమెరికాలో ఉన్న తెలుగువారి ఇళ్లలో ఈ చర్చకు ఒక ప్రత్యేకత ఉంది. ఆ దేశ జనగణన సంస్థ సర్వేల ప్రకారం అక్కడ ఇంట్లో తెలుగు మాట్లాడేవారు 2017 నాటికే 4 లక్షలు దాటారు. 2024 ఎన్నికల్లో ఉపాధ్యక్షుడిగా గెలిచిన జె.డి.వాన్స్ భార్య ఉష పూర్వీకుల ఊరు పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు కావడంతో, తెలుగు నేల మీద కూడా ఆ ఎన్నిక సొంత ఊరి కబురయింది. అయితే అక్కడ అందరి కన్నా ఆసక్తిగా రాజకీయాలు మాట్లాడే తెలుగువారిలో చాలామందికి ఓటు లేదు. హెచ్‌-1బి వీసా మీద వెళ్లినవారు శాశ్వత నివాస పత్రమైన గ్రీన్‌కార్డు కోసం, ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించరాదన్న పరిమితి వల్ల, ఏళ్లకు ఏళ్లు వరసలో నిలబడతారు. అది వచ్చాక కూడా పౌరసత్వానికి సాధారణంగా ఐదేళ్లు ఆగాలి. వలస విధానం, వీసా రుసుములు, పన్నులు, పిల్లల కాలేజీ సీట్లు ఎవరి చేతిలో ఉంటాయన్నది వారికి రోజువారీ బతుకు సమస్య, దాని మీద వారికి ఉన్న ఆయుధం మాట మాత్రమే.

అటువంటి ఇంట్లో, అక్కడే పుట్టి పౌరసత్వం ఉన్న పిల్లలకు 18 నిండిన ఏడాది ఒక మార్పు వస్తుంది. కాలిఫోర్నియాలో నమోదైన ప్రతి ఓటరుకూ బ్యాలెట్ పత్రం తపాలాలో ఇంటికే చేరుతుంది. అధ్యక్ష పదవి నుంచి బడి పాలక మండలి దాకా వరసగా పేర్లున్న ఆ పొడవాటి కాగితం భోజనాల బల్ల మీద పరిచాక, 20 ఏళ్లుగా ఆ దేశంలో పన్ను కడుతున్న తండ్రి తన వాదన వినిపిస్తాడు, అమ్మ ఇంకో అభ్యర్థి పేరు చెబుతుంది, పెన్ను మాత్రం కాలేజీలో మొదటి ఏడు చదివే అమ్మాయి చేతిలో ఉంటుంది. వలయాలు నింపి, కవరు మూసి, దాని మీద చేయాల్సిన సంతకం ఆమెది ఒక్కదానిదే. ఈరీ కౌంటీలో అడిగిన రెండు ప్రశ్నలను ఈ బల్ల దగ్గర అడిగితే, ఎవరినైనా తమ వైపు తిప్పుకోవాలని ప్రయత్నించారా అన్నదానికి తల్లిదండ్రులిద్దరూ అవునంటారు. ఎవరైనా నీ అభిప్రాయం అడిగారా అన్నదానికి, ఇంటికి పెద్దలైన వారిద్దరూ తన ముఖంలోకి చూస్తుండగా, అవునని చెప్పగలిగేది ఆ అమ్మాయి.